తెర మీద తరగతి

కంకిపాడులో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఆటోనగర్‌లో మావారు పనిచేసే షెడ్డు మూతపడ్డాక, విదేశాల్లో ప్రైమరీ స్కూళ్లకు టీచర్లను పంపే విజయవాడ కన్సల్టెన్సీ ఒకదానికి వెళ్లాను. అక్కడి మేడం నా సర్టిఫికెట్లు తిరగేసి, "వియత్నాంలో ఖాళీలున్నాయండీ. ముందు ఆన్‌లైన్లో డెమో క్లాసు చెప్పాలి" అన్నారు.

డెమో రోజు, చప్పుడు మైకులో పడుతుందని మావారు ఫ్యాను కట్టేశారు. కుక్కరు కూడా పెట్టనివ్వలేదు. ల్యాప్‌టాప్ తెర మీద నిజం క్లాసే కనిపించింది. తెల్లచొక్కాల పిల్లలు, వెనక కుర్చీలో వాళ్ల ప్రిన్సిపాలు. వంటింట్లోంచి తెచ్చుకున్న కూరగాయలు ఒక్కొక్కటే చూపిస్తూ పేర్లు చెప్పించాను. కాకరకాయ కొరికి మొహం వికారంగా పెట్టేసరికి పిల్లలు పగలబడి నవ్వారు. ముందు బెంచీలో పాప తనూ అలాగే మొహం పెట్టి, "బిట్టర్! బిట్టర్!" అని అరిచింది. జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది గానీ, అంత సంతోషంగా పాఠం చెప్పి ఎన్నాళ్లయిందో.

వారం తర్వాత మేడం ఫోన్ చేశారు.

"పిల్లలకు మీరు బాగా నచ్చారంటండీ. కానీ వేరేవాళ్లను తీసుకున్నారు."

"నా ఇంగ్లీషులో తప్పులేమన్నా దొర్లాయా అండీ?"

"అబ్బే, అదేం లేదు. టీచరు తెల్లవాళ్లయితేనే అక్కడి పేరెంట్సుకి నమ్మకమంట."

"ఇంకేదన్నా కోర్సు చెయ్యమన్నా చేస్తానండీ."

"కోర్సుతో అయ్యేది కాదు కదండీ ఇది."

ఆమె ఎంతో మెత్తగానే చెప్పారు. ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు.

విషయం చెబితే మావారు, "మరిప్పుడేం చేద్దాం?" అన్నారు, నా దగ్గర ఏదో దారి ఉన్నట్టే నా మొహంలోకి చూస్తూ. నేను లేచి వెళ్లి పొయ్యి వెలిగించాను.

ఆ తర్వాత ఇంకా కొన్ని చోట్ల ప్రయత్నించాను. పాస్‌పోర్టు ఏ దేశానిదని అడిగి అక్కడే ఆపేశారు, డెమో దాకా రానివ్వలేదు. మావారికి ఉయ్యూరులో ఒక మెకానిక్ దగ్గర పని దొరికింది గానీ, పిలిచిన రోజే పని. మేడం మాత్రం అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు.

"గల్ఫ్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకోవాలండీ. ఇంగ్లీషు వచ్చినవాళ్లే కావాలంటున్నారు. వెళ్తారా?"

వద్దని గట్టిగా అనలేక, "మావారిని అడిగి చెబుతానండీ" అంటున్నాను. ఆయన్ని ఇంతవరకు అడగలేదు.