మేస్త్రీ అనే మాట

మేస్త్రీ అన్న మాట ఓడెక్కి వచ్చింది. పోర్చుగీసువాళ్ల నోట అది గురువు, పనిలో ఆరితేరినవాడు. మనం దాన్ని ఇల్లు కట్టేవాడికీ, బట్టలు కుట్టేవాడికీ ధారాళంగా పంచిపెట్టాం. అయితే అది ఎవరికి ఎప్పుడు అతుక్కుంటుందో నిఘంటువు చెప్పదు. వీధి చివర కడుతున్న ఇంట్లో కొత్తగా మేస్త్రీ అయినవాణ్ణే చూడండి. చెవి మీద పెన్సిలు, జేబులో దారానికి కట్టిన తూకం గుండు, దారిలో కనబడ్డ ప్రతి గోడనూ అరచేత్తో నిమిరే అలవాటు. నిన్నటిదాకా ఇటుకలు పేర్చినవాడే. ఇప్పుడు అతని కింద పనిచేసేవాళ్లలో సొంత అక్క మొగుడున్నాడు. "మేస్త్రీగారూ, తమరి సెలవైతే సిమెంటు కలుపుతాం" అంటూ ఆ 'గారు'ను సాగదీసి అందరినీ నవ్విస్తాడు.

మొన్న ఆ బావ కట్టిన గోడకే పొట్ట వచ్చింది. గుండు వేలాడదీస్తే దారం మధ్యలో ఇటుకలకు తగిలింది.

"పూతలో కప్పేద్దాం లేరా, ఎవడు చూస్తాడు?" అన్నాడు బావ.

ఊరుకుంటే మేస్త్రీ అన్న మాటకు తను తగడు. నోరు విప్పితే అక్క ఇంటి గడప తొక్కలేడు.

"పడగొట్టు బావా."

"మీ అక్కతో చెబుతా! ఈ పూట నీకు అన్నం పెడితే ఒట్టు."

"పస్తుంటాలే. గోడ మాత్రం ఉండదు."

గునపం తనే అందుకున్నాడు. బావ కాసేపు గొణిగి, తర్వాత పడిన ఇటుకలు ఏరడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి గోడ మళ్లీ నడుమెత్తు లేచింది. బావ తాపీ కడుగుతూ తల తిప్పకుండానే పిలిచాడు.

"మేస్త్రీ, ఒకసారి గుండు వేసి చూడు."

'గారు' రాలిపోయింది. ఎవరూ నవ్వలేదు.