హైవే మీద పగిలిన గుమ్మడికాయ

మా ఊరికి తిరగాలంటే బెంగళూరు హైవే డివైడరులో ఉన్న సందు దగ్గర బండి ఆపాలి. శంషాబాద్ దాటి కొత్తూరు వైపు దూసుకుపోయే లారీలు అక్కడ ఎవరినీ లెక్కచేయవు. మా వాడకట్టు మనుషులనే కొందరిని ఆ సందు మింగింది. నా కూతురు విమానాశ్రయంలో కార్గో గోదాములో పని చేస్తుంది. రోజూ స్కూటీ మీద అక్కడే మలుపు తిరిగి ఇంటికి రావాలి. అది వాకిట్లో అడుగుపెట్టేదాకా నాకు ముద్ద దిగదు. అంబులెన్స్ కూత వినపడితే చేతిలో గిన్నె ఎక్కడిదక్కడ వదిలేసి బయటికి పరిగెత్తుతాను.

ఊరంతా మొత్తుకోగా మొత్తుకోగా రోడ్డు వాళ్లు వచ్చారు. మలుపుకు ముందు రెండు వైపులా రోడ్డుకు అడ్డంగా మందపాటి తెల్ల పట్టీలు వేశారు. ఆరుతూ వెలిగే పసుపు దీపం ఒకటి పెట్టారు. మా అత్తమ్మ కంటికి అవి ఆనలేదు.

"రంగు పూస్తే లారీలు ఆగుతయా? ఆడ దిష్టి ఉన్నది. ముందుగాల అది తియ్యాలె" అంది.

అమావాస్య నాటి సాయంత్రం నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని పోయింది. పెద్ద బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, సరిగ్గా ఆ సందులోనే పగలగొట్టి వచ్చింది. "ఇగ భయం లేదు బిడ్డా" అని నింపాదిగా కాళ్లు కడుక్కుంది.

నాకు కూతురి స్కూటీ గుర్తొచ్చింది. ఆ గుజ్జు మీద బ్రేకు వేస్తే బండి నిలుస్తుందా? కూతురు అప్పటికే బయల్దేరానని మెసేజ్ పెట్టింది. ఫోన్ చేద్దామంటే, బండి నడుపుతూనే ఎత్తుతుందేమోనని అదొక భయం. చీపురు పట్టుకుని పరుగు తీశాను. అత్తమ్మ నా వెనకాలే వచ్చింది. నేను సగం రోడ్డు దాటి సందులోకి చేరేసరికి ఇవతలి అంచు నుంచి గట్టిగా అరిచింది.

"ముట్టకు! తీసిన దిష్టి ముడితే మన ఇంటికే చుట్టుకుంటది!"

అలాంటివి నేను నమ్మనని చెప్పను. కుంకుమ కలిసి ఎర్రబడ్డ ఆ ముక్కలను చూస్తే చేయి ముందుకు రాలేదు. ఇంతలో పాలు పోసే ఒకాయన మోటారుసైకిల్ తిప్పబోయి, గుజ్జు మీద జర్రున జారి పడ్డాడు. క్యాన్లు దొర్లాయి.

"ఎవలకు పుట్టిన బుద్ధి గిది?" అని తిట్టుకుంటూ, మోకాళ్లు దులుపుకుని లేచాడు.

ఆయన పడ్డచోట నా కూతురే కనిపించింది నాకు. చీపురుకు ఆ గుజ్జు రాదని దాన్ని అవతల పారేసి, రెండు చేతులతో ఎత్తి డివైడరు మీదికి విసిరాను. కొంగులో మట్టి తెచ్చి చల్లాను. పక్క నుంచి లారీ పోయినప్పుడల్లా డివైడరుకు అతుక్కుని నిలబడ్డాను.

కూతురు దూరం నుంచే నన్ను చూసినట్టుంది. మెల్లగా వచ్చి సందులో బండి ఆపి, నా రెక్క పట్టి లాగింది.

"పిచ్చి లేసిందా అమ్మా? లారీ గుద్దితే ఏంది గతి?"

"నువ్వు ఇంటికొచ్చేదాక రోజూ నాకు గిట్లనే ఉంటది" అన్నాను.

అది మురికి పట్టిన నా చేతిని వదల్లేదు.

అప్పుడు చూశాం అత్తమ్మను. దిష్టి ముట్టిన చేతులతో నేను ఇంట్లోకి రాకూడదని, రోడ్డు పక్క టీకొట్టులో చెంబుడు నీళ్లు అడిగి తెస్తోంది. కళ్లు నా చేతుల మీదే ఉన్నాయి. అటూ ఇటూ చూడకుండా రోడ్డు మీదికి దిగింది.

ఆగమని మేమిద్దరం ఒక్కసారే అరిచాం. తెల్ల పట్టీల మీద దడదడలాడి వేగం తగ్గిన లారీ ఒకటి కీచుమంటూ ఆమెకు బారెడు దూరంలో ఆగింది. చెంబు జారిపడింది. మేం పరుగెత్తి చెరో రెక్క పట్టుకున్నాం.

"కాళ్లు ఆడుతలేవ్ బిడ్డా" అంది అత్తమ్మ. "భయమైతాంది. నన్ను ఇడిసిపెట్టకుర్రి."