మురుగుకాలువకు ఓటీపీ

ఆదోనిలో బస్సు కదిలేసరికే మా మండల నాయకుడి ఫోన్ మళ్లీ వచ్చింది. నేను పంచాయతీ కార్యదర్శిని. మా ఊళ్లో మురుగుకాలువ తవ్వలేదు, సిమెంటు దిగలేదు, కూలీలు రాలేదు. అయినా పని పూర్తయి డబ్బు ఖర్చయినట్టు ఆన్‌లైన్‌లో నివేదిక సిద్ధం చేసి పెట్టారు. అది పైకి పోవాలంటే నా ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఒక్కటే తక్కువ.

బస్సు మోతలో వినపడక స్పీకర్ పెట్టాను.

"ఓటీపీ సెప్పప్పా. సెప్పకుంటే నిన్ను యాడికో ఎత్తేస్తారు సూడు."

"అన్నా, కాలువే లేదు కదన్నా. దయచేసి అర్థం చేసుకోన్నా."

పక్కసీటులోని పెద్దామె నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఏమిరా, ఓటీపీ కావల్లా నీకు? మా పొదుపు సంఘంలో ఒకామెను ఇట్లే ముంచినారు. ఇంకోసారి ఫోన్ చేసినావంటే పోలీసోళ్లకు పట్టిస్తా, దొంగనాయాలా!"

కట్ చేసి ఫోన్ నా ఒళ్లో పడేసింది. ఆయన్ను అంత మాట అన్నవాళ్లు మా మండలంలో లేరు.

"నీ దుడ్డు పోలేదు గదా నాయనా?"

"నాది కాదమ్మా, ఊరి దుడ్డు."

"ఊరిదా?" ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మరి ఆ దొంగోన్ని అంతసేపు బతిమాలుకుంటాండావేమప్పా?"

ఎమ్మిగనూరు రాకముందే ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి నేనే కట్ చేశాను.

ఆ నెలలోనే నన్ను దూరంగా ఇంకో పంచాయతీకి మార్చారు. ఇక్కడ వేరే నాయకుడు, వేరే పని, అదే ఓటీపీ. నేను మాత్రం ఎవరినీ బతిమాలడం లేదు.