చిట్టీలో రాయించని పేరు

మా పాప పోయాక రెండేళ్ళు మా ఆవిడ మనిషి కాలేదు. తిండి సయించేది కాదు. ఎవరైనా పలకరిస్తే ఊఁ అనేది, అంతే. చార్మినార్ వెనక గల్లీలో ఉండే హకీం నాడి చూసి, “మందేం లేదు భాయ్, మనసుకు ఖుషీ గావాలె” అని చేతులు దులుపుకున్నాడు. ఆ ఖుషీ ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేదు పెద్దమనిషి.

మాకు రెండు బర్రెలుండేవి. పాలన్నీ ఒక మిఠాయి దుకాణానికి పోసేవాళ్ళం. ఒక పొద్దున పాలు పితుకుతూ తనే అంది: “గాయనకు పోసుడెందుకు? నేనే పెరుగు తోడేసి అమ్ముత.” ఆ మాటతో మనిషి లేచి కూర్చుంది. కొత్త ముంతలు తెచ్చింది. పక్కింటివాళ్ళకు రుచి చూపించి ఎట్లుందని అడిగింది. పూటకో రొట్టె ఎక్కువ తిన్నది. పాణం బాగుపడి బేరం తలపెట్టిందో, బేరం తలపెట్టాక పాణం బాగుపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ ఒక్కటేనని మాత్రం తెలిసింది, నేను చెడగొట్టాక.

“నువ్వు పనిజేసే కచేరీల మస్తు మంది ఉన్నరు గదా. ఆడికే తెస్త” అంది. “సూద్దాంలే” అన్నాను. ఆమె దాన్ని సరే అనుకుంది.

అవి నిజాం రోజులు. నయాపూల్ దగ్గర ఒక సర్కారు కచేరీలో నేను చప్రాసీని, కాయితాలు అందించే బంట్రోతుని. ఛాతీ మీద ఇత్తడి బిళ్ళ. అది పెట్టుకుంటే చాలు, నాకు కళ్ళు నెత్తికెక్కేవి. పరదా పాటించే ఇళ్ళవాళ్ళ మధ్య నిలబడి, “మా ఇంటి ఆడోళ్ళు గడప దాటరు సాబ్” అని కోతలు కోసేవాణ్ణి. అడిగిందెవరు? ఎవరూ అడగలేదు.

రెండు రోజులకు ఆమె రానే వచ్చింది, ఉతికిన చీర కట్టుకుని, నెత్తి మీద పెరుగు ముంతల గంపతో. ఆవరణలో కూర్చుని అమ్మాలంటే రాతకోతలు చూసే మున్షీ అనుమతి చిట్టీ రాసివ్వాలి. మున్షీ పెరుగు రుచి చూసి కలం తీశాడు. “బహుత్ అచ్ఛా! నీ ఆద్మీ పేరు చెప్పమ్మా, రాస్త.”

మా వాళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. పక్కనున్నవాళ్ళు ఎవరో ఒకరు అందివ్వాలి. ఆమె నవ్వి, కొంగు సర్దుకుని, రెండడుగుల దూరంలో ఉన్న నా వైపు చూసింది. మున్షీ కూడా నా వైపు తిరిగాడు.

“నీకెరికేనా ఈమె?”

“నాకేమెరుక సాబ్? ఎన్నడు చూడలె.”

థూ! అన్నం తినే నోరేనా నాది?

 ఆమె నా బిళ్ళ వైపు చూసింది. “పేరు లేకుంటే చిట్టీ లేదమ్మా” అన్నాడు మున్షీ. బరువైన గంప అది, ఒకరు చెయ్యేస్తే తప్ప నెత్తికెత్తుకోలేరు. నన్ను అడగలేదు. తనే ఎలాగో ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇంటికెళితే లొల్లి చేస్తుందనుకున్నాను. చేసినా బాగుండేది. అన్నం పెట్టింది, తను తినలేదు. మర్నాటి నుంచి పాలు మళ్ళీ మిఠాయి దుకాణానికే. ఏమడిగినా ఊఁ.

ఎనిమిది రోజులు ఆ ఊఁ విన్నాను. తొమ్మిదో రోజు సిగ్గు చంపుకుని మున్షీ ముందు నిలబడి, ఆమె నా భార్యేనని చెప్పాను. నన్ను తిడతాడనుకున్నాను. కలం తీసి చిట్టీ రాసి, బల్ల మీద నా వైపు తోశాడు.

ఆమె బర్రెలకు గడ్డి వేస్తోంది. చిట్టీ విప్పి, అందులో ఉన్న నా పేరు గట్టిగా చదివి వినిపించాను. రేపటి నుంచి కచేరీకి రమ్మన్నాను. గంప నేనే మోసుకొస్తానన్నాను.

ఆమె చేతిలో గడ్డి కింద పెట్టలేదు.

“గా పేరు నేను అనొద్దు. గా దినం నువ్వు అనొద్దని ఎవరు జెప్పిన్రు?”

చిట్టీ నా చేతిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె మా ఇంట్లో పెరుగు ఇద్దరికి సరిపడేంతే తోడేసేది.