పెద్దల్లుడి పేరు మింగిన కంప్యూటర్

ఇప్పుడు ప్రతి జేబులోనూ ఒక రికార్డింగ్ స్టూడియో ఉంది కాబట్టి ఈ మాట ఎవరికీ పట్టదు గానీ, కొత్త రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్ల దాకా దేవరకొండలో పాట రికార్డు చేయించుకోవాలంటే మధ్యలో ఒక మనిషి కావలసి వచ్చేది. ఆ రోజుల్లో ఆ మనిషిని నేను. ఆ సంగతి దేవరకొండ మరిచిపోయి ఉండవచ్చు, నేను మరిచిపోలేదు. నేను ఏదీ మరిచిపోను. మూడో తరగతిలో నా పలక పగలగొట్టి "వాడే పడేసుకుండు సార్" అన్నవాడి ముఖం నాకు ఇంకా గుర్తే (మొన్న చౌటుప్పల్‌లో ఎదురుపడి నవ్వబోయాడు. నేను రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయాను).

మా స్టూడియో ఇనుప సామాన్ల దుకాణం పైన ఒకే ఒక గది. మధ్యలో ప్లైవుడ్ అడ్డం పెట్టి, దానికి ఒక అద్దం బిగించి, అటు మైకు, ఇటు కంప్యూటర్, దాని ముందు నేను. గోడల నిండా గుడ్ల అట్టలు. ఆ గదిలో మాట అంటే అది అక్కడికక్కడే ఆరిపోయేది, గోడను తాకి తిరిగి వచ్చేది కాదు. నాది కొత్తకోట దగ్గరి పల్లె. దేవరకొండలో నాకు కిరాయి గది తప్ప ఎవరూ లేరు. స్టూడియో యజమానిని అందరూ మాస్టర్ అనేవారు. ఆయన నన్ను "ఏయ్ కంప్యూటర్" అని పిలిచేవాడు. కింద చాయ్ హోటల్లో "స్టూడియోకు ఒకటి" అనేవారు. ఏడాది పొడుగునా నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు. అందుకని పొద్దున్నే మైకు సరిచూసేటప్పుడు అందరిలాగా "హలో, చెక్, చెక్" అనకుండా నా పేరు, మా నాయిన పేరు, మా ఊరి పేరు చెప్పుకునేవాణ్ని. చెప్పి, అటు నుంచి ఇటు వచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినేవాణ్ని. (నవ్వకండి. రోజుకు ఒక్కసారైనా ఎవరో ఒకరు పిలవాలి కదా.)

మా దగ్గర ఎక్కువగా తయారయ్యేవి యాది పాటలు. ఇంట్లో పెద్దమనిషి పోతే, దశదిన కర్మ రోజు బంధువులంతా భోజనాలకు కూర్చున్నప్పుడు పెద్ద స్పీకర్ బాక్సులు పెట్టి ఆయన మీద పాట వేస్తారు. పోయినాయన పేరు అందులో రెండుసార్లు వస్తే, ఉన్నవాళ్ల పేర్లు ఇరవైసార్లు వస్తాయి. కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, మనుమలు. ఒక్క పేరు తప్పిందా, ఆ ఇంట్లో ఇంకో శవం లేచినంత పని. పాట మాస్టర్ రాసేవాడు. తప్పు మాత్రం నేను మోసేవాణ్ని.

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. కంప్యూటర్ పెట్టే పేచీలు అందులో ఒక పక్క, మనుషులు నన్నన్న మాటలు మరో పక్క రాసుకునేవాణ్ని. శబ్దమే రాకపోతే వైరు చూడాలి. వైరు బాగుంటే ఎర్ర బొత్తం నొక్కామో లేదో చూడాలి. అదీ నొక్కి ఉంటే కంప్యూటర్ ఏ మైకును వింటోందో చూడాలి (ఒకసారి అది పాడేవాడి ముందున్న ఖరీదైన మైకును వదిలేసి, నా ముందున్న కెమెరా మైకును వింది. పాట బదులు గంటసేపు నేను పల్లీలు తిన్న చప్పుడు రికార్డయింది). గొంతు పటపటమంటే ఒక మందు, ఆడమనిషి గొంతు దున్నపోతు గొంతయితే ఇంకో మందు. అన్నీ నేను ఒంటరిగా, ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నవే. ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు ఇంటర్నెట్‌లో పదకొండు ఫిర్యాదులు రాశాను. జవాబు రాలేదు. అదీ నోటుబుక్కులో ఉంది.

అసలు గొడవకు మూలం ఫ్యాను. మైకు పక్కన ఒక ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరిగేది. ఆపితే పాడేవాళ్లు చెమటకు తడిసి లేచి వెళ్లిపోయేవారు. బాగు చేయించమని మాస్టర్‌కు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. పైగా ఒకరోజు నలుగురి ముందు, "పాటల ఫ్యానే పాడుతాంది, పాడెటామె ఏడున్నదిరా కంప్యూటర్?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేను ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. సాఫ్ట్‌వేర్‌లో గేటు అని ఒక ఏర్పాటు ఉంటుంది. మన గుమ్మం దగ్గర కాపలావాడి లాంటిది. గట్టిగా వచ్చే శబ్దాన్ని లోపలికి రానిచ్చి, చిన్న శబ్దాలను బయటే ఆపేస్తుంది. దాన్ని తీసుకుపోయి ఎంత ఎత్తుకు పెట్టాలో అంత ఎత్తుకు పెట్టాను. ఇక ఫ్యాను కాదు కదా, ఫ్యాను తాత కూడా రాలేదు. ఆ కోపంలో పెట్టినదాన్ని మళ్లీ దించలేదు.

తర్వాత నెలకు, దగ్గరి పల్లెలో ఒక పెద్దాయన చనిపోయాడు. పాట ఆయన పెద్ద కూతురే పాడతానంది. నాట్లలో ఆమె గొంతెత్తితే పక్క మడిలో వాళ్లు కూడా వంగిన నడుము ఎత్తి వినేవారట. ఏడోరోజు పొద్దున తమ్ముడి బండి మీద వచ్చింది. మాస్టర్ ఆ రోజు లేడు. పాట కాగితం చూసుకుని, కళ్లు మూసుకుని, ఒక్కసారే పాడింది. అయిపోయాక కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ఇంకోపాలి పాడమనకు తమ్మీ. బాపును ఒక్కపాలే సాగనంపుత" అంది. అలాగేనక్కా అన్నాను. ఆమె పాడుతున్నప్పుడు నేనేం చేస్తున్నానంటే, హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని, నోటుబుక్కులో మాస్టర్ నన్నన్న మాటల పేజీ రాస్తున్నాను. ఈ ఒక్క తప్పు ఒప్పుకుంటాను.

ఎనిమిదోరోజు పాట వాళ్ల ఇంటి వాట్సాప్ గుంపులోకి వెళ్లింది. తొమ్మిదోరోజు పొద్దున ఎనిమిదింటికి పెద్దల్లుడు మెట్లెక్కి వచ్చాడు. అంటే పాడినామె భర్త. చేతులు కట్టుకుని, నా కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నా పేరు ఏడవోయింది?"

వినిపించాను. పెద్ద కొడుకు పేరు ఖంగుమని వచ్చింది. కోడళ్ల పేర్లు వచ్చాయి. తర్వాత తాళం మాత్రమే రెండు దెబ్బలు ఖాళీగా మోగి, "...అల్లుడొచ్చిండు, లేవవేమి బాపూ" అని వచ్చింది. ఏ అల్లుడో లేదు. ఆ వెంటనే చిన్నల్లుడి పేరు, మాస్టర్ చెప్పగా నేను పెట్టిన ప్రతిధ్వనితో సహా, మూడుసార్లు మోగింది.

"సూసినవా? వానికి మూడుపాలు. నాకు తాళం" అన్నాడు. "పాడె మోసిన భుజం ఇంక నొస్తనే ఉన్నది. వాళ్ల బోరు ఎండిన ఏడు నా బోరు నీళ్లు మలిపిన. రేపు దినాలల్ల నా పేరు రాకుంటె అక్కడ ముద్ద ముట్ట. ఆ గడపే తొక్క. ఇగ ఆమె పుట్టిల్లు ఆమెకు, నా ఇల్లు నాకు."

"కంప్యూటర్ ఎర్రర్ అన్నా" అన్నాను.

"మీ కంప్యూటర్‌కు నా మీద ఏం పగ?"

నేను ఆయనను తలెత్తి చూశాను. అది నేను అడగవలసిన ప్రశ్న. ఏడాదిగా నేను అడుగుతున్న ప్రశ్న.

పోనీ ఆ పేరొక్కటి నా గొంతుతో అతికిస్తానంటే, "అందరి పేర్లు ఆమె గొంతుల, నా పేరు నీ గొంతులనా? నేనేమన్న బయటోన్నా?" అని లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. మాస్టర్ ఫోను చేసి, "సాయంత్రానికి ఆ పేరు బయటికి తియ్యకపోతే నువ్వు సంచి సర్దుకో" అన్నాడు. వెతకడం మొదలుపెట్టాను. వైరు మార్చాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. నోటుబుక్కులోని మందులన్నీ వరసగా వేశాను. పాట ఒకసారి దున్నపోతు గొంతులో, ఒకసారి పిచ్చుక గొంతులో వచ్చింది, పేరు మాత్రం రాలేదు. తెర మీద ఆ చోట గీత దాదాపు సాపుగా ఉంది. చీమల బారు లాంటి గరుకు ఏదో కనబడితే ఫ్యాను అనుకుని వదిలేశాను. ఆయన మాత్రం కదలలేదు. నడుమ నడుమ తనకు జరిగిన అవమానాలు చెప్పాడు. లగ్గంలో తనకు చిన్న పీట వేసిన సంగతి, బావమరిది గృహప్రవేశంలో తనను చివరి బంతిలో కూర్చోబెట్టిన సంగతి. నేను మాస్టర్ సంగతి చెప్పాను. పలక సంగతి కూడా చెప్పాను. "వాన్ని ఇడ్వకు తమ్మీ" అన్నాడు. పదకొండింటికి చాయ్ తెప్పించి నాకు సగం పోశాడు. నిజం చెప్పాలంటే ఆ గదిలో అంత హాయిగా నేను ఎప్పుడూ లేను.

పన్నెండున్నరకు కరెంటు పోయింది. కంప్యూటర్ బ్యాటరీ మీద నడుస్తోంది, ఫ్యాను ఆగింది. ఆయన ఆశగా నా భుజం తట్టాడు. "గా ఫ్యాన్ ఆగింది గదా, ఇప్పుడు పెట్టు. జర ఇనపడ్తదేమో."

నాకు నవ్వొచ్చింది. "అన్నా, ఆమె పాడింది మొన్న. అది మొన్నటి ఫ్యాను. ఇప్పుడు ఆగితే..."

అంటూనే ఆగిపోయాను. మొన్నటి ఫ్యాను. ఆ ఫ్యాను మొన్న తిరిగింది కదా, మరి పాటలో ఎక్కడా లేదేం? గేటు. నేను కోపంతో పెట్టిన గేటు. అది ఆపేది మన చెవిదాకా రాకుండానే, మైకు విన్నదంతా కంప్యూటర్‌లో అలాగే ఉంటుంది. దాన్ని తీసేసి, హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టి, ఒక చెవి తిప్పి నేనూ ఆనించాను. ముందు ఫ్యాను వచ్చింది, కిర్రుకిర్రుమని. దాని కింద ఆమె ఊపిరి. ఆ ఊపిరిలోనే, పెదవులు కదిలాయో లేదో అన్నట్టు, పక్కవాళ్లు వినకూడదన్నట్టు, ఆయన పేరు. ఆ వెంటనే గొంతెత్తి, "అల్లుడొచ్చిండు, లేవవేమి బాపూ."

కంప్యూటర్ మింగలేదు. ఆమె కాగితంలో ఉన్నది ఉన్నట్టే పాడింది. మొగుడి పేరు దగ్గరికి వచ్చేసరికి, తండ్రి పోయిన దుఃఖంలో కూడా, గొంతు దానంతటదే తగ్గింది.

ఆయన నా వైపు తిప్పిన చెవిని కూడా లాక్కుని, హెడ్‌ఫోన్‌ను రెండు చేతులతో అదుముకున్నాడు. తర్వాత, "మల్ల పెట్టు" అన్నాడు. పెట్టాను. "మల్ల." ఎన్నిసార్లు పెట్టానో లెక్కపెట్టలేదు.

"లగ్గమై ఇరవై రెండేండ్లు" అన్నాడు చివరికి, తెరనే చూస్తూ. "ఇగో అంటది, ఇంటున్నవా అంటది, పిల్లలతోని మీ నాయిన అంటది. ఓటరు కార్డోళ్లు వచ్చి నీ పెనిమిటి పేరేందమ్మా అంటె పక్కింటామెతోని చెప్పిచ్చింది. నా పేరు ఆమె నోట్లకెళ్లి ఇదే మొదలు తమ్మీ."

"దీన్ని పెద్దగా చేస్తానన్నా. రేపు బాక్సుల్లో మోగుతుంది."

ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు వద్దు. మందిల వద్దు. ఆమె సిగ్గుతోని సస్తది. పాట అట్లనే ఉండనియ్. ఇది నా ఫోన్ల ఎయ్యి. ఎవ్వలకు చెప్పకు, ఒట్టు."

"మరి రేపు అన్నం?"

"తింట. రెండుపాలు ఏయిచ్చుకుని తింట" అని లేచాడు. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "నీ పేరేంది తమ్మీ?" అన్నాడు. చెప్పాను. ఊరు పేరు, నాయిన పేరు కూడా చెప్పాను.

దశదిన కర్మకు మాస్టర్ వెళ్లాడు. తాళం ఖాళీగా మోగినచోట అందరూ పెద్దల్లుడి వైపు చూశారట. ఆయన తల వంచుకుని, "జర పప్పు ఎయ్యిండ్రి" అన్నాడట. మాస్టర్ తిరిగి వచ్చి, "నీకు చాతగాకపోయినా ఆయన పెద్దమనసు చేసిండు కాబట్టి బతికినవ్" అన్నాడు. నాకు చేతనయిందనడానికి రుజువు నా కంప్యూటర్‌లోనే ఉంది. ఒక్కసారి మీట నొక్కితే చాలు. నొక్కలేదు. నేను మంచివాణ్ని కావడం వల్ల కాదు. ఆ ఏడాదిలో నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్న మనిషి ఆయనొక్కడే. మాస్టర్ మాటను మాత్రం పేజీ నింపి రాసుకున్నాను. రెండు నెలలకు సంచి నేనే సర్దుకున్నాను.

ఇప్పుడు చౌటుప్పల్‌లో ఒక మందుల కంపెనీ గోదాములో లెక్కలు ఎక్కిస్తున్నాను. గది మళ్లీ కిరాయిదే, మనిషిని మళ్లీ ఒక్కణ్నే. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"దేవరకొండ కంప్యూటర్ తమ్మియేనా?"

పెద్దల్లుడి గొంతు, వెంటనే గుర్తుపట్టాను. పేరు చెప్పాను కదా! ఊరితో సహా చెప్పాను! ఆయనకు గుర్తు లేదు. ఎవరెవరినో అడిగి నంబరు సంపాదించాడు గానీ పేరు మాత్రం అడగలేదు. ఫోను బావిలో పడిపోయిందట, దానితోపాటు ఆ పేరు ముక్క కూడా పోయిందట. "నీ తాన ఇంక ఉన్నదా?"

"అక్కయ్య బాగానే ఉంది కదా అన్నా? ఒక్కసారి పేరు పెట్టి పిలవమని అడగరాదూ?"

"ఉన్నది, ఈడనే బియ్యం చెరుగుతాంది. అడుగుతె అంటదా తమ్మీ, చేటతోని కొడ్తది" అని గొంతు తగ్గించి నవ్వాడు.

నా దగ్గర లేకుండా ఎలా పోతుంది? నేను ఏదీ పారేయను. పాత డిస్క్ తీసి, గేటు లేకుండా, ఆ రోజు పొద్దున నుంచి మైకు విన్నదంతా ఉన్న ఫైలును మొదటి నుంచి పెట్టాను. ఫ్యాను కిర్రుమంది. కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ తర్వాత ఒక ఇరవై మూడేళ్ల పిల్లవాడు, ఎదురుగా ఎవరో అడిగినట్టు, మర్యాదగా, స్పష్టంగా తన పేరు చెప్పాడు. నాయిన పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. చెప్పి కాసేపు ఆగాడు, జవాబు వస్తుందేమోనన్నట్టు. నా కోపం ఎక్కడికో పోయింది. వాణ్ని విని చాలాసేపు నవ్వుకున్నాను.

కత్తిరించి పంపుదామనుకున్నాను. తర్వాత మనసు మార్చుకుని మొత్తం ఫైలు పంపాను. ఆయన తన పేరు వినాలనుకున్న ప్రతిసారీ, ముందు నా పేరు వినక తప్పదు.