పసుపు పూసిన వరుస

పురుగుమందు డబ్బాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి నేను. మిరపతోటల్లో మందు కొట్టేవాళ్ళు డబ్బా తెచ్చి నా ముందు పెడితే, కూడబలుక్కుని చదివి చెప్పేవాణ్ణి. కింద ఎర్ర త్రికోణం ఉంటే చెంచాడుతోనే ప్రాణం తీసే సరుకు, ఆకుపచ్చది ఉంటే కాస్త నెమ్మది. ఈ మాట ఎంతమందికి చెప్పానో! అందుకే ఇంగ్లీషు అక్షరాలున్న ఏ కాగితం ఎదురైనా నాకు బెదురు లేదు. ఆ బెదురు లేకపోవడమే పోయిన ఎండాకాలం మా ఇంటి మీదికి ముప్పు తెచ్చింది.

మా ఆవిడకు మోకాళ్ళ వాపు. దవాఖానా బిళ్ళలు మింగితే కడుపులో మంట. అశ్వారావుపేట సంతకు అడవి పల్లె నుంచి వచ్చే ఒకామె దగ్గర చెట్టు బెరడు కొని, కాచి తాగడం మొదలుపెట్టింది. ఏ చెట్టని అడిగితే ఆమె చెప్పదు. పేరు బయటపెడితే మందు గుణం పోతుందని వాళ్ళ పట్టింపు. పేరులేని మందు ఇంట్లో ఉండడం నాకు మొదటి నుంచీ గిట్టలేదు. కానీ వాపు దిగింది. మా ఆవిడ చేతికర్రను తలుపు మూల నిలబెట్టి, పెరట్లో బీర పందిరి దాకా ఒట్టి చేతులతో నడిచింది. ఇక నేనేం మాట్లాడను?

మా తమ్ముడి కూతురు హైదరాబాదులో మందుల రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తుంది. గాజుసీసాలు పట్టుకునేది వేరేవాళ్ళు. వాళ్ళు పంపిన అంకెల్ని కంప్యూటర్లో పేర్చి, మొక్కలోని ఏ పదార్థం ఏ రోగానికి పనికొస్తుందో, ఏది ఒంటికి చేటో తేల్చడం ఈ పిల్ల పని. దసరాకు వచ్చినప్పుడు పెద్దమ్మ కషాయం చూసి, ఒక బెరడు ముక్క పట్టుకుపోయింది. ఎండాకాలంలో మళ్ళీ వచ్చింది. ఫలితాలు తాను బస్సులో ఉండగానే అందాయట. ఇంకోసారి సరిచూసుకుని చెబుదామని, లాప్‌టాప్ తెరిచిపెట్టి స్నానానికి పోయింది.

నేను కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాను. నిలువునా బెరడులోని పదార్థాలు. ఒక గడిలో వాపు, పక్క గడిలో లివర్. ఒక వరుసకు మాత్రం పసుపు రంగు పూసి ఉంది. అందులో వాపు అంకె పెద్దది, లివర్ అంకె చిన్నది. ఇంకేం కావాలి? వాపు మీద దెబ్బ గట్టిది, లివర్‌కు చేటు తక్కువ. అందుకే పిల్ల పసుపు పూసుకుందనుకున్నాను.

"ఏమే, నీ మందు గెలిచింది. లివర్‌ను ముట్టదంట. ఇంకో గ్లాసు తాగు."

"ఎవరు చెప్పిన్రు?"

"కంప్యూటరే చెప్పింది."

"అవ్, ఇన్నొద్దులు నేను చెప్తే ఇనలే. గా డబ్బా చెప్తే ఇన్నవ్."

ఆమె గ్లాసు ఎత్తేసరికి తమ్ముడి కూతురు తడి జుట్టుతో వాకిట్లోకి వచ్చింది. "పెద్దమ్మా, తాగకు! కింద పెట్టు!"

"ఏందే, ఆయన తాగమంటడు, నువ్వు వద్దంటవ్. ముందు మీరిద్దరు మాట్లాడుకోరాదు."

నేను తెర చూపించి నా లెక్క చెప్పాను. పిల్ల ముఖం మారిపోయింది.

"గట్ల కాదు పెద్దనాయనా. లివర్ కణాలు సగం చచ్చిపోవాల్నంటే ఎంత పొయ్యాలె, గదీ ఆ అంకె. చిన్నగున్నదంటే కొంచెంతోనే చస్తయి."

"మరి వాపు గడి?"

"అక్కడ గూడ అంతే. పెద్దంకె అంటే చానా పోస్తె గాని పని చెయ్యదు."

చెంచాడుతోనే ప్రాణం తీసేది. జీవితమంతా నేను చెప్పిన మాటే. భయం వేస్తే నాకు ముందు నోరు లేస్తుంది.

"మరి పసుపెందుకు పూసినవ్? పసుపంటే శుభమనుకోనా? పురుగుమందులమ్మేటోళ్ళకున్న బుద్ధి లేదా మీ చదువులకు?"

"డబ్బాల మీద ఎర్ర తర్వాత పసుపే గద పెద్దనాయనా, నువ్వే నేర్పినవ్."

ఆ తర్వాత పిల్ల చెప్పింది ఇంకా భయపెట్టింది. వాళ్ళు బెరడును స్పిరిట్‌లో నానబెట్టారట, మేము నీళ్ళలో కాస్తాం. ఆ విషం నీళ్ళలోకి ఎంత దిగుతుందో తెలియదు. పరీక్ష గిన్నెలో కణాలు చచ్చినంత మాత్రాన మనిషి లివర్ పోయినట్టూ కాదు, పోనట్టూ కాదు. "రక్తం చూపిద్దాం," అంది. ఇంత చదువు చదివి చివరికి తెలియదంటుందే అని లోపల మండిపోయాను. కానీ ఆ తెలియకపోవడాన్ని తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

మర్నాడు ఖమ్మం బస్సులో మా ఆవిడ కంటి తెల్లగుడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. పచ్చబడిందా? కిటికీ ఎండకు అట్లా కనిపిస్తోందా?

"ఏందయ్యా, కొత్త పెండ్లికొడుకు లెక్క చూస్తున్నవ్? అందరు నవ్వుతున్నరు."

దవాఖానాలో రక్తం ఇచ్చాక, రిపోర్టు ఇచ్చే కిటికీ దగ్గర ముందే అడిగాను, "ఇక్కడ చిన్నంకె మంచిదా, పెద్దంకె మంచిదా?" అక్కడి అమ్మాయి నవ్వింది. "లివర్‌కు చిన్నదే మంచిది తాతా." అక్కడ చిన్నదైతే చేటు, ఇక్కడ చిన్నదైతే మేలు! వీళ్ళంతా ఒకచోట కూర్చుని ఒక మాట అనుకోరా? మా ఆవిడ అంకె ఉండాల్సిన గీత దాటి ఉంది. మరీ ఎక్కువ కాదని, కషాయం ఆపి నెల తర్వాత మళ్ళీ రమ్మని డాక్టరు చెప్పాడు.

మిగిలిన బెరడును నా చేతులతో పొయ్యిలో వేశాను. నెల తర్వాత అంకె గీత కిందికి దిగింది. మోకాళ్ళ వాపు మళ్ళీ ఎక్కింది. తలుపు మూల కర్ర తిరిగి చేతికొచ్చింది. పట్టిక కింది వరుసల్లో వాపు మీద పనిచేస్తూ లివర్‌ను అంతగా బాధించని పదార్థం ఒకటుందని తమ్ముడి కూతురు ఫోన్‌లో చెప్పింది. దాన్ని వేరు చేసి, పరీక్షలు దాటించి, మందుగా తేవాలంటే ఏళ్ళు పడుతుందట.

"లివర్ అంకె దిగిందని సంబరపడుతున్నవ్," అంది మా ఆవిడ, మోకాలు పట్టుకుని. "నా మోకాళ్ళ అంకె ఏ గడిల ఉన్నదో గదీ చదువు."

సంత రోజు ఆమె ఎవరితోనో బయల్దేరితే, తిరిగొచ్చాక సంచి తడిమి చూస్తాను. వంటింట్లో నీళ్ళు మరుగుతున్న చప్పుడైతే లేచిపోతాను. చాయ్ వాసన ముక్కుకు తగిలేదాకా గడప దగ్గరే నిలబడతాను.