మూతలు లేపిన చెయ్యి

మా మామయ్యకి అనుమానం ఉగ్గుపాలతో అబ్బిందని అమ్మ అంటుంది. తాళం వేసి లాగి చూస్తాడు, మెట్లు దిగాక మళ్లీ ఎక్కి వచ్చి ఇంకోసారి లాగుతాడు. సొంత చెల్లెలు టీ ఇచ్చినా పాలు విరిగాయేమోనని వాసన చూసి గానీ తాగడు. ఇంట్లోవాళ్ల ప్రాణం తీసే ఆ గుణమే ఫ్యాక్టరీలో ఆయనకి అన్నం పెట్టింది.

ఆయన పని కేబుల్ చైన్లు బిగించడం. ఇనుప రేకులు కోసే పెద్ద మిషన్‌కి తల అటూ ఇటూ పరుగులు పెడుతూ ఉంటుంది. కరెంటు తీగలూ, నూనె పైపూ దాని వెంట వెళ్లాలి కదా. అవన్నీ మూతలుండే ప్లాస్టిక్ లంకెల గొలుసులో పడుకుని, తలతో పాటే వంగుతూ సాగుతూ తిరుగుతాయి. మామయ్య తీగని చుట్టలోంచి లాగనిచ్చేవాడు కాదు. చుట్టనే దొర్లించి విప్పించేవాడు. తర్వాత నేలమీద పరిచి, మెలి పోయిందో లేదో పొడుగునా తడిమేవాడు. గొలుసులో దేని అర దానిదే. రెండు చివర్లా గట్టిగా బిగించి, మధ్యలో మాత్రం వదులుగా ఉంచేవాడు. వంపులో ఒక్కోటి ఒక్కోలా జరుగుతుంది, కట్టేస్తే తెగుతుంది అనేవాడు. మనుషుల్ని క్షణం వదలని మనిషి తీగల్ని అలా వదిలేసేవాడంటే మాకు నవ్వొచ్చేది.

కొత్తగా వచ్చిన ఒక మిషన్‌ని మా నాన్న నడిపేవాడు. ఆ ఉద్యోగం ఇప్పించింది మామయ్యే. ఏళ్ల తరబడి ఉండాల్సిన కేబుల్ ఆ మిషన్‌లో నెల తిరక్కుండా తెగింది. చెయ్యి మందగించిందా అని మేనేజర్ అడిగితే మామయ్యకి తల కొట్టేసినట్టయింది. వెళ్లి గొలుసు మీదికి వంగి చూశాడు. మూతల అంచుల మీద గీతలున్నాయి. తను బిగించి వెళ్లాక ఎవరో వాటిని లేపారు.

ఇంకొకరైతే అప్పుడే తీసి చూసేవారు. ఒక్కడే తీస్తే తనే కోసి పెట్టాడంటారేమోనని మామయ్య భయం. మర్నాడు మేనేజర్ ఎదుటే తీద్దామనుకుని, నేరుగా మా ఇంటికొచ్చాడు. నాన్న ఇంకా రాలేదు. దండెం మీదున్న నాన్న నిన్నటి పని చొక్కా జేబు తడిమితే చిన్న స్క్రూడ్రైవర్ దొరికింది.

"మీ ఆయనే కోశాడే. నన్ను పంపించేసి నా పనిలో దూరాలని చూస్తున్నాడు" అన్నాడు అమ్మతో.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "రేపు ఆ మాట అక్కడ అన్నావంటే ఆయనకి ఉద్యోగం పోతుంది. నాకు అన్నయ్య పోతాడు. ఆలోచించుకో."

మామయ్య టీ తాగకుండా వెళ్లిపోయాడు. నాన్న వచ్చాక అమ్మ ఏమీ అడగలేదు గానీ, ఆయన చేతులవంక దొంగచూపులు చూస్తూనే ఉంది. నేనూ చూశాను. మామయ్య జబ్బు మాకూ అంటుకుంది.

మర్నాడు మేనేజర్ ముందు మామయ్య మూతలు తీశాడు. లోపల కత్తిగాటు ఎక్కడా లేదు. తీగలూ పైపూ అన్నీ కలిపి ఒకే కట్టగా, బెత్తెడుకొక ప్లాస్టిక్ ట్యాగుతో జడ అల్లినంత పొందిగ్గా బిగించి ఉన్నాయి. ట్యాగుల తోకలు కూడా సమంగా కత్తిరించి ఉన్నాయి. వంపులో జరగడానికి చోటులేక ఒక తీగ తెగిపోయింది.

ఆ కట్టే తీగని తెంపిందని నాన్నకి ఇంకా అర్థం కాలేదట. పక్కకొచ్చి మామయ్య చెవిలో గొణిగాడు: "'మీ బావేంటి, తీగలిలా వదిలేశాడు' అని సూపర్‌వైజర్ వంకపెట్టాడు బావా. నీకు మాట రాకూడదని కట్టాను."

కట్టిందెవరని మేనేజర్ గద్దించాడు.

జన్మలో చైన్ లోపల ఒక్క ట్యాగు కట్టని మామయ్య తల వంచుకుని "నేనే" అన్నాడు.

మేనేజర్ అందరి ముందూ చెడామడా తిట్టాడు. నాన్న నోరు తెరవబోతే మామయ్య ఆయన కాలు తొక్కాడు.

సాయంత్రం నాన్న ఇదంతా చెబుతుంటే అమ్మ ఏడ్చేసింది. కడుపులో దాచుకున్న ముందురోజు మాట కూడా ఆయనకి చెప్పేసింది. అంతలో మామయ్య వచ్చి కూర్చున్నాడు. అమ్మ టీ పెట్టింది గానీ కప్పు తన చేతిలోంచి వదల్లేదు.

"నిన్న అన్న మాటకి ఏమంటావు?" అంది.

తప్పయిందని చెప్పడం మామయ్యకి చేతకాదు. తన చైన్ మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వని మనిషి, నాన్నవైపు తిరిగాడు.

"రేపు కొత్త కేబుల్ వేస్తాను బావా. మూతలు నువ్వు వెయ్యి."

అమ్మ కప్పు ఆయన ముందు పెట్టింది. ఆయన వాసన చూసి తాగాడు.